అటక మీది దబ్బకాయ జాడీ

మా పెరట్లో బావికి పడమటి పక్కన ఒక దబ్బచెట్టు ఉండేది. చెట్టని పేరేగానీ చెట్టులా నిలబడిన పాపాన పోలేదు. నేలలోంచే అయిదారు కొమ్మలు విడిపోయి, ఒకదాని మీద ఒకటి వాలి, తల దువ్వుకోని మనిషిలా ఉండేది. ముళ్ళయితే నా చూపుడువేలంత. దాని దగ్గరికి పోయి గీరుకోకుండా తిరిగొచ్చినవాళ్ళను నేను చూడలేదు.

కాయలు మాత్రం గొప్పవి. బుడిపెలు బుడిపెలుగా, రెండు చేతులకూ నిండుగా. కోస్తే వేలు మందం తెల్లటి దూది, నడిమధ్య పిడికెడు గుజ్జు. ఇంత కాయకు ఇంతేనా రసం అని కొత్తవాళ్ళు మోసపోయినట్టు మొహం పెట్టేవాళ్ళు. దాని సంగతి తెలియనివాళ్ళ మాట అది. దబ్బకాయ విలువ రసంలో లేదు, తోలులో ఉంది, ఆకులో ఉంది. ఎండాకాలం ఆకు చించి మజ్జిగలో వేస్తే పొద్దున కలిపిన కుండ సాయంత్రానికి కూడా వాసనగా ఉండేది. పండగలకు దాని రసంతోనే పులిహోర. పట్టుచీరల పెట్టెలో ఎండిన తోలు ముక్కలు. నాయన గుళ్ళో అర్చకుడు, దాన్ని మాదీఫలం అనేవాడు. చిక్కబళ్ళాపురం సంతలో హేరళెకాయి అని కన్నడంలో అడగాల్సిందే. బాగేపల్లి దగ్గర మా ఊళ్ళో మాకది దబ్బకాయే.

అన్నిటికంటే పెద్ద సంగతి మా అవ్వ పెట్టే ఉప్పు దబ్బకాయ. అవ్వ అంటే నాయన తల్లి. కాయను తోలుతో సహా ముక్కలు చేసి, ఉప్పూ పసుపూ పట్టించి, నాలుగు దినాలు ఊరబెట్టేది. పగలు ఎండలో, సాయంత్రం మళ్ళీ ఆ ఊటలోనే. ఇట్లా పది పన్నెండు దినాలు. ఆ తర్వాత జాడీకెత్తి మూతి మీద గుడ్డ కట్టి అటకెక్కించేవాళ్ళు. మొదటి ఏడు అది నోట పెట్టుకోలేనంత చేదు. రెండో ఏట చేదు తగ్గుతుంది. మూడో ఏటికి ముక్క నల్లగా, మెత్తగా అయిపోయి, నాలుక మీద పెట్టుకుంటే కరిగిపోతుంది. అప్పుడది ఊరగాయ కాదు, మందు. జ్వరం తగ్గినవాళ్ళకు, పైత్యం చేసినవాళ్ళకు, వేవిళ్ళ ఆడవాళ్ళకు అవ్వ గోరంత ముక్క ఇచ్చేది. ఊళ్ళోవాళ్ళు ముక్క కోసం ఆకు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళు.

ఆ జాడీకి ఉన్న మడి గుళ్ళో దేవుడికి కూడా లేదని నేననేదాన్ని. నాకు నోరు ఎక్కువ. ముట్టయిన ఆడది తాకితే ఊరగాయ కుళ్ళిపోతుందని, ఆ నీడ పడితే దబ్బచెట్టు ఎండిపోతుందని, అంతకంటే పాపం, ఆ చెయ్యి పడిన ముక్కను కడుపుతో ఉన్న మనిషి తింటే కడుపు నిలవదని అవ్వ నమ్మకం. నమ్మకం అన్నది చిన్న మాట. పొద్దున సూర్యుడు వస్తాడన్నంత నిశ్చయం. అందుకని మా అమ్మను మామూలు దినాల్లో కూడా ఆ జాడీ దగ్గరికి రానిచ్చేది కాదు. తాకగలిగినవాళ్ళు ఇంట్లో ఇద్దరే. వయసు దాటిన అవ్వ, ఇంకా వయసు రాని నేను. అవ్వకు మోకాళ్ళు పట్టేసి నిచ్చెన ఎక్కలేకపోయింది గనక ఆ ఉద్యోగం నాది. పొద్దున స్నానం చేసి, తడిబట్టతోనే నిచ్చెన ఎక్కి, కొయ్య గరిటెతో ముక్క తీసి, గుడ్డ మళ్ళీ కట్టి దిగాలి. నాకది పెద్ద గర్వం.

ఆ ఏడు పుష్యమాసం చివర్లో అక్కను పుట్టింటికి తీసుకొచ్చారు. అక్క అత్తగారిల్లు చింతామణి దగ్గర, కైవారం పోయే దారిలో. మూడో నెల. అంతకుముందు రెండు కడుపులు నాలుగో నెల నిండకుండానే పోయినాయి. ఈసారి వేవిళ్ళు ఎక్కువై, గంజి కూడా కడుపులో నిలవక, ఎముకల గూడులా ఉంటే వాళ్ళ అత్తే తీసుకొచ్చి దింపిపోయింది. బస్సు దిగిన అక్కను చూసి అమ్మ ఏడ్చింది. అవ్వ ఏడవలేదు. నన్ను చూసి కళ్ళతోనే అటక చూపించింది.

ఆ ముక్క అక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంది. కాసేపటికి, "అవ్వా, రోంత మజ్జిగన్నం ఇస్తావా?" అని అడిగింది. తిన్నది కడుపులో నిలిచింది. అప్పట్నుంచి దినమూ పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, నేనే తెచ్చిచ్చేదాన్ని. ముక్క లేకపోతే అన్నం లేదు. వారం తిరిగేసరికి అక్క మొహంలో రక్తం కనబడింది. నా చేతి మహిమ అన్నట్టు నేను ఇల్లంతా తిరిగాను.

మాఘమాసంలో ఒక పొద్దున నేను పెద్దమనిషినయ్యాను.

ఆ సంగతి ఇంట్లో చెప్పాలని నాకు తెలుసు. చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. వెంటనే మూల కూర్చోబెడతారు, ఆ తర్వాత బడి మానిపిస్తారు, ఆ పైన సంబంధాలు. మా అక్కకు అట్లాగే జరిగింది. నాకు ఇంకో రెండు నెలల్లో మిడిల్ స్కూలు పరీక్ష. మా ఊరి ఆడపిల్లల్లో అంతవరకూ ఆ పరీక్షకు కూర్చున్నవాళ్ళు లేరు. బళ్ళో మేష్ట్రు ఆ మాట రోజూ కన్నడంలో పదిమంది ముందర చెప్పి నన్ను మునగచెట్టెక్కించాడు. పరీక్ష అయ్యేదాకా నోరు మూసుకుంటే చాలనుకున్నాను. నోరు ఎక్కువని చెప్పానుగదా, ఆ నోరు ఒక్కసారి మూసుకోవాలనుకున్నది ఇట్లాంటి చోట.

పాత చీర గుడ్డలు చించుకున్నాను. బావి కాలవలో ఉతికి, ఎవరికీ కనబడకుండా ఆరేసేందుకు నాకు దొరికిన చోటు దబ్బచెట్టు నడుమ. ముళ్ళకు భయపడి అక్కడికెవరూ చెయ్యి పెట్టరు. నేను వంగి, దూరి, లోపలి కొమ్మకు తగిలించి వచ్చేదాన్ని. వీపంతా గీతలు. ఎవరైనా అడిగితే కాయ కోసం పోయానని చెప్పేదాన్ని. ఆ మూడు దినాలూ కూడా పొద్దున అవ్వ "తెచ్చీయి" అంటే నిచ్చెన ఎక్కాను. ఎక్కకపోతే ఎందుకని అడుగుతుంది. ఎక్కితే పాపం. గరిటెలోంచి ముక్క మళ్ళీ జాడీలోకి జారిపోయింది. రెండోసారి తీశాను. అక్క ఆ ముక్క తిని నవ్వింది.

అక్కణ్ణుంచి నాకు మనశ్శాంతి లేదు. పొద్దున లేస్తూనే జాడీ మూత తీసి వాసన చూసేదాన్ని. బూజు పట్టిందేమోనని గరిటెతో అడుగుదాకా కదిపేదాన్ని. ఏమీ కాలేదు. ముక్కలు ఎప్పటిలాగే నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఇంకొకరయితే హమ్మయ్య అనుకునేవాళ్ళు. నాకు అదే ఇంకా భయమయింది. దోషం జాడీలో కనబడలేదంటే జాడీలో లేదని అర్థం. అంటే పోవాల్సిన చోటికి పోయింది. అక్క దగ్గినా, నడుము పట్టుకున్నా, మంచం మీద అటు తిరిగి పడుకున్నా లేచిపోయి చూసేదాన్ని. లెక్కల పుస్తకం ముందర పెట్టుకుని అక్క చీర వెనక మరక ఉందా అని చూస్తూ కూర్చునేదాన్ని. దబ్బచెట్టు పూత రాలుతుంటే, అది ఏటా రాలేదేనని తెలిసినా, రాలిన పూలు ఏరి బావి గట్టు అవతల పారేసేదాన్ని, అవ్వ కంట పడకూడదని.

అక్కకు నాలుగో నెల నడుస్తోంది. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు.

ఒక మధ్యాహ్నం అక్క పొత్తికడుపు పట్టుకుని, పళ్ళు బిగించి, గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ వాకిట్లో ఉంది. నేనొక్కదాన్నే దగ్గరున్నాను. నేనిక ఆగలేకపోయాను. అక్క కాళ్ళ దగ్గర కూలబడి మొత్తం చెప్పేశాను. చెప్తే పాపం కొంత తగ్గుతుందనుకున్నానో, అక్క ఓదారుస్తుందనుకున్నానో, ఇప్పటికీ తెలియదు.

అక్క నన్ను కొట్టలేదు. కళ్ళు పెద్దవి చేసి చూసింది. "నెల నుంచీ నువ్వే తెస్తాండావు గదే?" అంది. అవునన్నాను. లేచి పెరట్లోకి పోయి, గొంతులో వేలు పెట్టుకుని, ఆ పూట తిన్నదంతా కక్కేసింది.

నొప్పి సాయంత్రానికి తగ్గిపోయింది. వాయునొప్పి అని అమ్మ వాము నూరి ఇచ్చింది. కానీ మర్నాడు నేను తెచ్చిన ముక్కను అక్క తోసేసింది. ముక్క లేదు గనక అన్నమూ లేదు. గంజి తాగితే గంజి, పాలు తాగితే పాలు, అన్నీ బయటికే. నాలుగు దినాలు. అవ్వ అడిగింది, అమ్మ అడిగింది, నాయన గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు. అక్క "నోటికి పోదు" అనే మాట తప్ప ఇంకో మాట అనలేదు. నా పేరు చెప్పలేదు. నా పరీక్ష కోసమే చెప్పడం లేదని నాకు తెలుసు. అది తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. నన్ను నేను ఇప్పటికీ తిట్టుకునేది ముట్టు దాచినందుకు కాదు, ఆ నాలుగు దినాలకు.

అయిదోనాడు బస్సులో చిక్కబళ్ళాపురం తీసుకుపోయారు. అక్కడ లేడీ డాక్టరు సూది వేసి, ఏది ఇష్టమయితే అది పెట్టండి, ఏదో ఒకటి లోపలికి పోవాలి, ఇట్లాగే ఉంటే బిడ్డ సంగతి అటుంచి తల్లినే నిలబెట్టలేమని చెప్పిందట. నాయన వచ్చి ఆ మాట చెప్పినప్పుడు అక్క మంచం మీద కళ్ళు మూసుకుని ఉంది. చేతులు రెండూ కడుపు మీద పెట్టుకుని ఉంది.

నేను తిన్నగా అవ్వ దగ్గరికి పోయాను. అవ్వ పెరట్లో పత్తి గింజలు తీస్తోంది. నిలబడే చెప్పాను. మధ్యలో ఏడుపు రాలేదు. అవ్వ చేతిలో పత్తి అట్లాగే ఉంది.

"ఎప్పట్నుంచి?" అంది.

"మాఘం మొదట్నుంచి."

"ఎన్నిసార్లు ఎక్కితివి?"

"దినమూ అవ్వా. రెండు పూట్లా."

కొడుతుందనుకున్నాను. అరుస్తుందని, నాయనను పిలుస్తుందని అనుకున్నాను. అవ్వ పత్తి బుట్ట పక్కకు జరిపి, దబ్బచెట్టు వైపు చూసింది. ఆ తర్వాత, "ఈ మాట ఎవరికీ చెప్పొద్దు. మీ అమ్మకు చెప్తే ఇప్పుడే జాడీ దిబ్బలో పారబోస్తుంది" అంది. నా చదువు మీద ప్రేమతో అన్న మాట కాదది. నాకా భ్రమ అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

అవ్వ పుట్టిల్లు దిబ్బూరహళ్ళి. ఆ మధ్యాహ్నమే మా సేద్యగాణ్ణి పిలిచి, చిన్న జాడీ ఒకటి చేతికిచ్చి, తన తమ్ముడింటికి పోయి పాత ఉప్పు దబ్బకాయ నింపుకుని రమ్మని పంపింది. అక్క మంచం పక్కన కూర్చుని, "చెల్లెలు నాకు చెప్పిందిలేమ్మా. మా తమ్మునింటి నుంచి తెప్పిస్తాండా. వాళ్ళది నాలుగేండ్లది. రేపొచ్చేస్తుంది" అంది. అక్క తల ఊపింది. మాట్లాడే ఓపిక లేదు.

మర్నాడు మధ్యాహ్నం సేద్యగాడు వచ్చాడు. పెరటి దోవన వచ్చి జాడీ గట్టు మీద పెట్టాడు. "అమ్మా, పాతదంతా అయిపోయిందంట. పోయినేడు కాయే కాయలేదంట. ఈ ఏటిది ఉండాది, ఇంకా వట్టి చేదు అని చెప్పిరి" అన్నాడు. జాడీ ఖాళీ. అవ్వ "సరేలే, నువ్వు ఇంటికి పో. ఎవరితో ఏమీ అనొద్దు" అని పంపేసింది.

అమ్మ అక్క దగ్గర ఉంది. నాయన గుడి నుంచి ఇంకా రాలేదు. అవ్వ ఆ ఖాళీ జాడీ తెచ్చి అటక కింద పెట్టి, నిచ్చెన చూపించింది. నేను కదల్లేదు. అవ్వ నా మొహం చూసి అర్థం చేసుకుంది.

"ఇప్పుడు కూడానా?"

"నిన్నట్నుంచి అవ్వా."

అవ్వ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి, జపమో ఏమో నాకు వినబడలేదు. తానే నిచ్చెన మీద ఒక కాలు పెట్టింది. రెండో కాలు లేవలేదు. మోకాలు పట్టుకుని వెనక్కి దిగిపోయింది. ఊళ్ళో ఇంకెవర్ని పిలిచినా కథ బయటపడుతుంది.

"ఎక్కు" అంది.

ఎక్కాను. పెద్ద జాడీలో ఉన్నదంతా గరిటెతో తీసి ఒక గిన్నెకెత్తి కిందికి అందించాను. అవ్వ ఆ గిన్నె నా చేతిలోంచి తన చేత్తో అందుకుంది. మడిబట్టతో ఉంది. ముట్టు మనిషి నీడ పడితే తలస్నానం చేసే మనిషి. ముక్కలు చిన్న జాడీలోకి సర్ది, మూతికి గుడ్డ కట్టి, వాకిట్లోంచి లోపలికి వస్తున్నట్టు చుట్టూ తిరిగి అక్క గదిలోకి పోయి, అమ్మను మజ్జిగన్నం కలుపుకుని రమ్మని పంపేసింది. నేను గుమ్మం బయట నిలబడ్డాను.

"ఇదిగోమ్మా, దిబ్బూరహళ్ళిది. మా తమ్ముని పెండ్లాం పెట్టింది. ఈ ఇంట్లో ఎవరి చెయ్యీ పడలే. నోరు తెరువు" అంది అవ్వ. ఆమె నోట అబద్ధం నేను వినడం అదే మొదలు.

అక్క జాడీని చూసింది. వాసన చూసింది. "మన దాని మాదిరే ఉండాది" అంది. "నేను నేర్పిందే గదమ్మా వాళ్ళకు" అంది అవ్వ. అక్క నోరు తెరిచింది.

ఆ పూట మజ్జిగన్నం నిలిచింది. మర్నాడు రెండు పూటలా తింది. ఆ చిన్న జాడీని అవ్వ తన గదిలో, తన చేతికి అందే చోట పెట్టుకుని, తానే ఇచ్చేది. నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఉగాది దాటిన వారానికి నేను నాయన వెంట బాగేపల్లి పోయి పరీక్ష రాసి వచ్చాను. ఏం రాశానో నాకే తెలియదు. ఆ మరుసటి నెల పెద్దమనిషినయ్యానని అప్పుడే అయినట్టు చెప్పాం. చాపేసి కూర్చోబెట్టారు, చిమ్మిలి పెట్టారు, పేరంటాళ్ళు పాటలు పాడారు. అవ్వ అందరితోపాటు అక్షింతలు వేసింది. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

అక్కకు నాలుగో నెల దాటింది. అయిదో నెల దాటింది. ఒక్కో నెలా ఒక గండం దాటినట్టే. ఆ నెలలన్నీ అవ్వ ఒంటిపూట తింటూ ఉండేది. నాయన తీర్థం తెస్తే కడుపులో బాగాలేదనో ఇంకేదో చెప్పి తప్పించుకునేది. పూజగదిలోకి పోయేది కాదు. మోకాళ్ళ నొప్పి అనుకున్నారు ఇంట్లో. నేను ఇంకోలా అనుకున్నాను. నేను చేసిన పనికి ఏమీ కాలేదు గదా, జాడీ కుళ్ళలేదు, అక్క కడుపు నిలిచింది, కాబట్టి అవ్వకు ఆ ముట్టూ మడీ మీద నమ్మకం పోయింది, నమ్మకంతోపాటు దేవుడి మీద కూడా మనసు విరిగింది అనుకున్నాను. కొంచెం సంతోషపడ్డాను కూడా. అవ్వ నా పక్షానికి వచ్చేసిందని. పద్నాలుగేళ్ళకు మనిషికి తెలివి ఎక్కువుంటుంది.

ఆషాఢం చివర్లో అక్కకు నొప్పులు వచ్చాయి. పొద్దున మొదలై మధ్యాహ్నం దాటినా కాలేదు. నాయన వాకిట్లో తిరుగుతున్నాడు. అవ్వ పెరట్లో బావి గట్టు మీద కూర్చుని, లోపలికి రమ్మని అమ్మ పిలిచినా పోలేదు. పోనని చెయ్యి ఊపింది. నేను పక్కన నిలబడ్డాను. లోపల అక్క అరిచినప్పుడల్లా అవ్వ గట్టు రాయిని వేళ్ళతో పట్టుకుంటోంది.

బిడ్డ ఏడుపు వినబడింది. మంత్రసాని పెరటి గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, ఆడబిడ్డ! తల్లి సుఖంగా ఉండాది" అంది.

అవ్వ లేచింది. ఆడా మగా ఏమీ పట్టించుకోలేదు. "వేళ్ళు చూస్తివా? కాళ్ళూ చేతులూ? కండ్లు తెరిచిందా? ఇంకోసారి పోయి చూసి రా" అంది. మంత్రసాని నవ్వుతూ లోపలికి పోయి, మళ్ళీ వచ్చి, ఇరవై వేళ్ళూ ఉన్నాయని, కళ్ళు తెరిచి చూస్తోందని చెప్పింది.

అవ్వ గట్టు మీద కూలబడిపోయింది. నేను పట్టుకోబోయాను. అన్ని నెలల తర్వాత మొదటిసారి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గోళ్ళు దిగేటంతగా.

"ఏమీ కాలేదు గదవ్వా. ఇంకెందుకు భయం? ఏమీ కాదని నీకు అప్పుడే తెలుసు గదా?" అన్నాను.

అవ్వ నా మొహంలోకి చూసింది. ఏడుస్తోంది.

"ఏం తెలుసే నాకు? దినమూ విషమే పెడతాండాననుకుంటిని. తల్లన్నా దక్కుతుందని పెడితిని. నువ్వు చిన్నదానివి, తెలీక చేస్తివి. నేను తెలిసే నా చేత్తో పెడితిని గదే" అంది.